చంద్రతాల్‌లో టెంట్ వేసే ముందు

హిమాచల్‌లోని చంద్రతాల్ సరస్సు దగ్గర క్యాంపింగ్‌కి వెళ్లాలనుకుంటున్నారా? దయచేసి మనాలి నుంచి ఒకే రోజులో వెళ్లిపోవద్దు. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు, సరస్సు 4,250 మీటర్ల పైమాటే. మన హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లం అరకు చలికే స్వెటర్ వెతుక్కుంటాం, ఒక్కసారిగా అంత ఎత్తుకి శరీరం అలవాటుపడదు. రాత్రి టెంట్‌లో తలనొప్పి, వాంతులు మొదలైతే దగ్గర్లో ఆసుపత్రి ఉండదు, ఫోన్ సిగ్నల్ ఉండదు.

అందుకే సిమ్లా వైపు నుంచి కల్ప, టాబో, కాజాల్లో ఆగుతూ, కుంజుమ్ కనుమ దాటి చంద్రతాల్ చేరండి. నాలుగైదు రోజులు ఎక్కువే పడుతుంది. అయినా ఆ రోజులే మిమ్మల్ని కాపాడతాయి. తలనొప్పి తగ్గకపోతే ఇంకా పైకి వెళ్లకండి, కిందికి దిగిపోండి.

మనాలి వైపు తిరుగు ప్రయాణంలో బాతల్ నుంచి గ్రాంఫూ అనే ఊళ్ల మధ్య దారి చంద్రా నది పక్కనే. రోడ్డుకి అడ్డంగా వాగులు పారుతుంటాయి. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి వాటి ఉధృతి పెరుగుతుంది, కాబట్టి తెల్లవారగానే బయల్దేరండి. కాజాలోనే ట్యాంక్ నింపుకోండి, మధ్యలో పెట్రోల్ బంకు లేదు.

ఇంకో మాట, సరస్సు ఒడ్డున టెంట్లు వేయనివ్వరు. క్యాంపులు కొన్ని కిలోమీటర్ల ముందే ఉంటాయి. అంత స్వచ్ఛమైన నీళ్లు చూశాక ఆ నిబంధన ఎందుకో మీకే తెలుస్తుంది.