4.0 జీపుకి పగిలిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మార్చే ముందు

అమెరికాలో పాత జీపు చెరొకీయో రాంగ్లరో కొనుక్కున్న మనవాళ్లు చలికాలం మొదలవగానే అడిగే ప్రశ్న ఇది: "పొద్దున స్టార్ట్ చేయగానే టక టక అంటోంది, పది నిమిషాలకి ఆగిపోతోంది. వదిలేయొచ్చా?" 1990లలో వచ్చిన 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల జీపు అయితే ముందుగా అనుమానించాల్సింది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌నే, అంటే సిలిండర్ల నుంచి వచ్చే పొగని కలిపి సైలెన్సర్ వైపు పంపే గొట్టాలని. ఆ రోజుల్లో కంపెనీ అమర్చింది పల్చటి ట్యూబులు అతికించిన మానిఫోల్డ్. ఆ ట్యూబులన్నీ ఒక చోట కలిసే వెల్డ్ దగ్గర పగులు రావడం ఈ ఇంజన్‌కి పాత జబ్బే. చల్లగా ఉన్నప్పుడు పగులు తెరుచుకుని శబ్దం చేస్తుంది. లోహం వేడెక్కి వ్యాకోచిస్తే మూసుకుంటుంది. శబ్దం ఆగిందంటే రోగం తగ్గిందని కాదు.

వదిలేయకూడదు, అందులోనూ చలికాలంలో. హీటర్‌కి వెళ్లే గాలి ముందు అద్దం కింద, బానెట్ వెనక అంచు దగ్గరున్న జాలీ నుంచే లోపలికి వస్తుంది. పగులు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ తిరిగేది కూడా అక్కడే. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలయ్యేసరికే ఒంట్లోకి చాలా ఎక్కేసి ఉంటుంది. గాలి లోపలే తిరిగే మోడ్‌లో పెట్టుకుంటే సరిపోతుందనుకోవద్దు, పాత బండికి సందులు ఎన్నో ఉంటాయి. మానిఫోల్డ్ మార్చేదాకా పిల్లల్ని ఆ బండిలో ఎక్కించకండి.

ఇంజన్‌కీ ఇది మంచిది కాదు. పగులు దగ్గర ఇంజన్ వదిలే పొగ పల్స్‌కీ పల్స్‌కీ మధ్య బయటి గాలి లోపలికి లాగబడుతుంది. ఆ తర్వాతే ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు చాలట్లేదని చెబుతుంది. కంప్యూటర్ ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కొన్నాళ్లకి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా దెబ్బతింటుంది.

పగులేనా, ఇంకేదైనానా

ఈ ఇంజన్‌లో పిస్టన్ స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) అరిగినా చల్లగా ఉన్నప్పుడే కొట్టుకుంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. వాల్వుల్ని ఆడించే లిఫ్టర్ల శబ్దమూ దగ్గరగానే ఉంటుంది. శబ్దం మాత్రమే విని మానిఫోల్డ్ కొనేయకండి. రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద ఈ పరీక్ష చేయండి. దుమ్ము పీల్చే షాప్ వ్యాక్యూమ్‌ని ఊదే వైపు తిప్పి, వెనక సైలెన్సర్ గొట్టానికి గుడ్డ చుట్టి బిగించండి. మానిఫోల్డ్ అంతటా సబ్బునీళ్లు చల్లండి. బుడగలు వచ్చిన చోటే పగులు ఉంటుంది. ఇంజన్ నడవక్కర్లేదు, చెయ్యి కాలదు. మానిఫోల్డ్ మీద కాకుండా సిలిండర్ హెడ్‌కి అతుక్కునే అంచు దగ్గర బుడగలొస్తే పోయింది మధ్యలో సీలుగా ఉండే గ్యాస్కెట్టే కావచ్చు. అయినా చాకిరీ అదే, ఎందుకంటే ఈ ఇంజన్‌లో గాలి లోపలికి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కీ ఎగ్జాస్ట్‌కీ కలిపి ఒకటే గ్యాస్కెట్. రెండూ డ్రైవర్ వైపే ఉంటాయి, ఇన్‌టేక్ విప్పనిదే ఎగ్జాస్ట్ బయటికి రాదు.

పగులు వెల్డ్ చేయిస్తే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. ఏళ్ల తరబడి కాలి పెళుసెక్కిన పల్చటి ట్యూబు అది. వెల్డ్ పక్కనే మళ్లీ పగులుతుంది. ఎలాగూ విప్పాల్సిందే కాబట్టి కొత్తదే పెట్టడం మేలు. ట్యూబుల మధ్య ముడతల బెలోస్ ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, వ్యాకోచాన్ని అది మింగుతుంది. కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో సంగతి. కంపెనీ పార్టుకి సమానమైన మానిఫోల్డ్ కాకుండా రేసింగ్ హెడర్ (విడి ట్యూబుల మానిఫోల్డ్) కొంటే దానికి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఈఓ నంబరు, అంటే అనుమతి నంబరు ఉండాలి. లేకపోతే స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్షలో బండి నిలవదు.

పానా పట్టే ముందు

ముందే కొని పెట్టుకోవాల్సినవి: మానిఫోల్డ్, ఇన్‌టేక్-ఎగ్జాస్ట్ గ్యాస్కెట్, బోల్టులూ చివరి స్టడ్‌లూ (తల లేని బోల్టులు) స్పేసర్లూ ఉన్న సెట్, మానిఫోల్డ్ నుంచి కిందికి వెళ్లే డౌన్‌పైపు జాయింట్ సీలు, దాని బోల్టులు, వ్యాక్యూమ్ గొట్టాల రబ్బరు మూలలు. వీటికి ఇంజన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు రెండూ, గేర్‌బాక్స్ మౌంటూ కలపండి. చాలామంది వదిలేసేది ఈ మౌంట్లనే. కొత్త మానిఫోల్డ్ ఏడాదిలో మళ్లీ అదే చోట పగలడానికీ చాలాసార్లు కారణం ఇదే. మౌంట్ కుంగితే యాక్సిలరేటర్ నొక్కిన ప్రతిసారీ ఇంజన్ మెలి తిరుగుతుంది, డౌన్‌పైపు మాత్రం కింద బిగిసి ఉంటుంది. ఆ రెంటి మధ్య నలిగేది మానిఫోల్డే. రాళ్ల మీద, గుంతల్లో తిప్పే బండికి ఇది ఇంకా ఎక్కువ. మౌంట్ చూడాలంటే ఒకరు బ్రేక్ గట్టిగా నొక్కి పట్టి డ్రైవ్‌లో పెట్టి కొంచెం యాక్సిలరేటర్ నొక్కాలి, ఇంకొకరు పక్క నుంచి చూడాలి. బండికి ఎదురుగా మాత్రం నిలబడకండి.

బోల్టులకి తుప్పు వదిలించే నూనె పని రోజున కాదు, రెండు మూడు రాత్రుల ముందు నుంచే కొట్టండి, ఇంజన్ చల్లారాకే. వేడి మానిఫోల్డ్ మీద ఆ స్ప్రే పడితే అంటుకుంటుంది. టెక్సాస్ బండికి ఇంత అవసరం ఉండకపోవచ్చు. మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడ తిరిగిన బండికి ఈ పని తప్పదు. బ్రేక్ క్లీనర్ వాడేటప్పుడు డబ్బా మీద చదవండి. క్లోరిన్ ఉన్న రకం వేడి లోహానికో వెల్డింగ్ మంటకో తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. క్లోరిన్ లేనిదే కొనండి.

మొదటిసారి చేసేవాళ్లు రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. సోమవారం ఆఫీసుకి ఈ బండే దిక్కు అయితే వారాంతంలో మొదలుపెట్టకండి.

పెట్రోలు ప్రెషర్

అన్నింటికన్నా ప్రమాదం ఇక్కడే. ఇంజన్ ఆపినా ఫ్యూయల్ రైలులో (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో) ప్రెషర్ నిలిచే ఉంటుంది. 1997 నుంచి వచ్చిన చెరొకీ, రాంగ్లర్లలో అది 49 పీఎస్ఐ చుట్టూ ఉంటుంది, అంతకు ముందువాటిలో 39 దాకా. పెట్రోలు ట్యాంక్ మూత తీయండి. బానెట్ కింద రిలే పెట్టెలోంచి ఫ్యూయల్ పంప్ రిలే లాగేసి, బండి ఆరుబయట ఉండగానే ఇంజన్ స్టార్ట్ చేసి దానంతటదే ఆగనివ్వండి. ఇంకోసారి రెండు మూడు సెకన్లు క్రాంక్ చేయండి. ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ తీయాలి, క్రమం తిరగేస్తే ఇంజన్ నడవదు. చివరగా రైలు మీద టైరు వాల్వులా ఉండే టెస్ట్ పోర్టుని గుడ్డ కప్పి మెల్లగా నొక్కండి. అప్పటికీ కొంత పెట్రోలు వస్తుంది, కళ్లకి రక్షణ కళ్లజోడు ఉండాలి.

ఇక్కడి ఇళ్లలో గ్యారేజీలోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉండటం మామూలే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతూ పైలట్ మంట దాకా పోతుంది. హీటర్ ఆపండి, గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తండి, పెట్రోలు మంటకి పనికొచ్చే అగ్నిమాపకం చేతికందే చోట పెట్టుకోండి. పెట్రోలు లైన్ విప్పడానికి చిన్న ప్లాస్టిక్ పనిముట్టు దొరుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పాతబడిన క్లిప్పు విరుగుతుంది, ఆ జాయింట్ ఇక కారుతుంది.

విప్పేటప్పుడు

ప్రతి గొట్టానికీ ప్రతి ప్లగ్గుకీ ముందు ఫొటో తీయండి. వ్యాక్యూమ్ గొట్టాలు గట్టిపడిన ప్లాస్టిక్, ముట్టుకుంటే విరిగేవే ఎక్కువ. యాక్సిలరేటర్ కేబుల్‌తో పాటు ఆటోమేటిక్ చెరొకీలో గేర్‌బాక్స్‌కి వెళ్లే కేబుల్ కూడా థ్రాటిల్ దగ్గరే ఉంటుంది. దాని అడ్జస్టర్ బటన్ నొక్కకుండా విప్పండి, తిరిగి పెట్టాక సర్దుబాటు చూసుకోండి. అది వదులైతే గేర్లు మెత్తగా, తొందరగా మారుతుంటాయి. బాగుందనిపిస్తుంది గానీ లోపల క్లచ్ ప్లేట్లు కాలిపోతుంటాయి.

పవర్ స్టీరింగ్ పంపు బ్రాకెట్ ఇన్‌టేక్‌కే బిగించి ఉంటుంది. బెల్టు వదులు చేసి పంపుని పక్కకి జరిపి తీగతో కట్టండి. గొట్టాలు విప్పక్కర్లేదు, పంపుని గొట్టాల మీద వేలాడదీయనూ కూడదు.

కింది వరస బోల్టులు కంటికి కనపడవు, వేలితో తడిమి పానా ఎక్కించాలి. ఆరు మూలల సాకెట్టే వాడండి. పన్నెండు మూలలది తుప్పు బోల్టు తలని గుండ్రం చేస్తుంది. బ్రేక్ బూస్టర్ కింద, వెనక సిలిండర్ల దగ్గర పొడవాటి ఎక్స్‌టెన్షన్, స్వివెల్ లేకుండా పని కాదు. బోల్టు కిర్రుమంటే ఆగండి. కొద్దిగా బిగించి, నూనె కొట్టి, మళ్లీ వదులు చేయండి. అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తెచ్చిన బోల్టు మామూలుగా విరగదు. ఒక్క గుంజుకి తేవాలని చూస్తేనే ఎక్కువగా విరుగుతుంది. టార్చి మంట పెట్టే ఆలోచన ఇక్కడ వద్దు, పక్కనే పెట్రోలు లైను ఉంది.

ఇన్‌టేక్ బయటికి వచ్చాక ఎగ్జాస్ట్ రెండు చివరి స్టడ్‌ల మీదే నిలుస్తుంది. వాటి నట్లు తీసే ముందు మానిఫోల్డ్‌ని తీగతో పైకి కట్టండి. కింద పడుకుని డౌన్‌పైపు విప్పేవాళ్ల మీద అది పడగలదు. బండిని ఎత్తితే జాక్ స్టాండ్లు కాంక్రీటు మీదే పెట్టాలి. సస్పెన్షన్ లిఫ్ట్ చేసిన బండికి ఎత్తు చాలని స్టాండు కింద ఇటుకలు పేర్చకండి.

బోల్టు విరిగితే

తల విరిగి కొంత బయటికి మిగిలితే అదృష్టమే. దాని మీద నట్టు పెట్టి వెల్డ్ చేసి తిప్పితే ఆ వేడికే వదులవుతుంది. అయితే ఫ్యూయల్ లైను మూసి దూరంగా జరిపాక, బ్యాటరీ విప్పి ఉండగా, వెల్డింగ్ తెలిసినవాళ్లే చేయాలి. లోపలికి విరిగితే సరిగ్గా నడుమ పంచ్ కొట్టి ఎడమ వైపు తిరిగే డ్రిల్లుతో మొదలుపెట్టండి, తొలుస్తుండగానే ఊడి వచ్చేవి చాలా ఉంటాయి. చవక ఎక్స్‌ట్రాక్టర్‌ని బలంగా తిప్పకండి. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు, హెడ్ విప్పాల్సి రావచ్చు. అక్కడిదాకా పోకముందే ఇంటికొచ్చే వెల్డర్‌ని పిలవడం చవక.

తిరిగి బిగించేటప్పుడు

పోర్టుల్లో గుడ్డలు కుక్కి, ఎన్ని కుక్కారో లెక్క రాసుకుని, అప్పుడు పాత గ్యాస్కెట్ గీకండి. ఇన్‌టేక్ అల్యూమినియం, బ్లేడు ఏటవాలుగా పట్టకపోతే గాటు పడుతుంది. రాపిడి డిస్కు అసలు వాడొద్దు, ఆ పొడి సిలిండర్లలోకి పోతే ఇంజన్ అరుగుతుంది. గ్యాస్కెట్‌కి సిలికాన్ పూయకండి. చాలా రకాల సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ని పాడు చేస్తుంది.

చివరి స్టడ్‌లకి కొత్త స్పేసర్లు తొడిగి, వాటికి మానిఫోల్డ్ రంధ్రాలు సరిగ్గా నడిమిలో ఉండేలా కూర్చోబెట్టండి. వేడికి మానిఫోల్డ్ పొడవు పెరుగుతుంది, చివర్లు రెండు వైపులా కొంచెం జరగాలి. ఒక పక్కకి ఆనుకునేలా బిగిస్తే జరగడానికి చోటుండదు, పగులుతుంది. బోల్టులన్నీ చేత్తో ఎక్కాకే పానా పట్టండి. నడుమ బోల్టుల కింది వాషర్లు ఇన్‌టేక్ అంచునీ ఎగ్జాస్ట్ అంచునీ కలిపి నొక్కుతాయి, అవి రెంటి మీదా సమంగా కూర్చున్నాయో లేదో చూడండి.

మాన్యువల్ బొమ్మలోని వరస ప్రకారం నడుమ నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలి. 1990ల చివరి మోడళ్లలో 1 నుంచి 5, 8 నుంచి 11 నంబర్లవి 24 ఫుట్ పౌండ్లు (33 న్యూటన్ మీటర్లు), చివరి స్టడ్‌ల నట్లు అంటే 6, 7 మాత్రం 23. పాత మోడళ్ల అంకెలు కొంచెం వేరు, మీ సంవత్సరం మాన్యువలే చూడండి. బోల్టు పట్టేయకుండా రాసే యాంటీ సీజ్ పేస్టు పూసిన బోల్టు జారుడుగా తిరుగుతుంది, అదే టార్క్‌కి (తిప్పే బలానికి) ఎక్కువ లాగబడుతుంది. దాన్ని డౌన్‌పైపు బోల్టులకి, సెన్సర్ మరలకి పల్చగా రాస్తే చాలు. సెన్సర్ మొనకి అంటకూడదు.

మౌంట్లు మార్చడం డౌన్‌పైపు బిగించే ముందే అయిపోవాలి. ఆయిల్ పాన్ కింద చెక్క పెట్టి జాకీతో ఇంజన్ బరువు ఆపి మార్చి, ఇంజన్ తన చోట కూర్చున్నాక డౌన్‌పైపు కలపండి. రంధ్రాలు కలవకపోతే బోల్టుతో లాగి దగ్గరికి తేకండి. వెనక హ్యాంగర్లు వదులు చేసి పైపునే జరపండి.

మొదటిసారి స్టార్ట్

రిలే, బ్యాటరీ పెట్టి, తాళం ఆన్ చేసి ఆఫ్ చేస్తూ రెండు మూడు సార్లు పంపుకి ప్రెషర్ ఎక్కనివ్వండి. టార్చిలైటుతో ఫ్యూయల్ జాయింట్లన్నీ చూసి, తడి లేకపోతేనే స్టార్ట్ చేయండి. ఇది కూడా ఆరుబయటే. కొత్త మానిఫోల్డ్ మీది నూనె కాలి పొగ, వాసన కాసేపు వస్తాయి. పావుగంట దాటినా తగ్గకపోతే ఆపి చూడండి. ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) ఎక్కువగా ఉంటే ఎక్కడో వ్యాక్యూమ్ లీకు ఉంది. కార్బ్ క్లీనర్ చల్లి వెతికే పాత అలవాటు ఇక్కడ మంటకి దారి తీస్తుంది. సన్నగా నీళ్లు చల్లండి, లీకు ఉన్న చోట ఐడిల్ మారుతుంది.

నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక, పూర్తిగా చల్లటి ఇంజన్ మీద అందుబాటులో ఉన్న బోల్టుల టార్క్ చూడండి. 300 మైళ్ల దగ్గర ఇంకోసారి చూడండి. అప్పుడు సెన్సర్ వైరు మానిఫోల్డ్‌కి తగలట్లేదని, స్టీరింగ్ బెల్టు బిగువుగానే ఉందని కూడా చూసుకోండి. రాళ్ల దారికి ఆ తర్వాతే తీసుకెళ్లండి.