టర్బో 350 గేర్‌బాక్స్: ప్లేట్లు మార్చేముందు అవి ఎందుకు మాడాయో పట్టుకోండి

షెవర్లే కమారో, నోవా, చెవెల్ లాంటి పాత అమెరికన్ బండ్లలో 1969 మోడల్ నుంచి కనిపించే మూడు గేర్ల ఆటోమేటిక్ పేరు టర్బో హైడ్రమాటిక్ 350. బండి కిందికి వెళ్లి చూస్తే, 13 బోల్టులతో చదరంగా ఉన్న పాన్ (ఆయిల్ నిలిచే రేకు తొట్టి) ఒక మూల కోసేసినట్టు ఉంటుంది. విప్పి బిగించడానికి ఇంత సులువైన ఆటోమేటిక్‌లు తక్కువ. అయినా రిపేరైన కొన్నాళ్లకే మళ్లీ మాడేవి చాలానే ఉంటాయి. గేర్లని పట్టి ఉంచే క్లచ్ ప్లేటు ఊరికే మాడదు. దాన్ని అదిమిపట్టాల్సిన ఆయిల్ ప్రెషర్ ఎక్కడో కారిపోతుంటే పట్టు చాలక జారుతుంది, జారి రాచుకుని మాడుతుంది. ఆ కారే చోటు దొరక్కుండా కొత్త ప్లేట్లు వేస్తే వాటికీ అదే గతి.

అందుకే బండి నడిచే స్థితిలో ఉండగానే ఏ గేరులో ఏం చేస్తోందో రాసుకోండి. ఫార్వర్డ్ క్లచ్ ముందుకు వెళ్లే గేర్లన్నింటిలో పనిచేస్తుంది. డైరెక్ట్ క్లచ్‌కి పని మూడో గేరులో, రివర్స్‌లో. లో-రివర్స్ క్లచ్‌కి రివర్స్‌లో, లీవరు ‘ఎల్’ దగ్గర పెట్టినప్పుడు. ఇంటర్మీడియట్ క్లచ్ రెండో గేరుది. ఇక లెక్క సులువు. రివర్స్ పడక, మూడో గేరులో కూడా జారుతుంటే డైరెక్ట్ క్లచ్‌ని అనుమానించాలి. మూడో గేరు బాగుండి రివర్స్ మాత్రమే పోతే లో-రివర్స్ వైపు చూడండి. ‘డి’లో బండి కదలకపోయినా ‘ఎల్’లో కదిలిందంటే వెనక రోలర్ క్లచ్ (ఒకవైపే తిరిగి, రెండో వైపు బిగుసుకునేది) పట్టు వదిలేసింది. ఒకటి నుంచి నేరుగా మూడుకి దూకితే ఇంటర్మీడియట్ క్లచ్, దాని రోలరు చూడాలి. గేర్లు అసలు మారకుండా మొదటి గేరులోనే ఉండిపోతే ముందు గవర్నర్ తీయండి, బండి వేగాన్ని బట్టి గేర్లు మార్పించేది అదే. డ్రైవర్ వైపు వెనకన, తీగ క్లిప్పు పట్టుకున్న గుండ్రటి మూత కింద ఉంటుంది. దాని ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగిపోతే గేర్‌బాక్స్ దించే పనే లేదు.

దించే పని లేకుండా తీరే జబ్బు ఇంకొకటి ఉంది, వాక్యూమ్ మాడ్యులేటర్. ఇంజిన్ పీల్పుని (వాక్యూమ్) బట్టి ఆయిల్ ప్రెషర్‌ని సవరించే, కుడివైపు వెనక ఒక్క బోల్టుతో ఉండే చిన్న రేకు డబ్బా ఇది. రబ్బరు గొట్టం పీకి, కొనలో వేలు పెట్టి చూడండి. వేలికి ఎర్రటి ఆయిల్ అంటితే లోపలి పొర చిరిగిందన్నమాట. ఆయిల్ ఆ గొట్టం గుండా ఇంజిన్‌లోకి పోయి కాలుతుంది. కింద చుక్క కారదు, స్టిక్ మీద లెవెల్ మాత్రం తగ్గుతూ ఉంటుంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది. గొట్టం పగిలి వాక్యూమ్ అందకపోతే గేర్లు ఆలస్యంగా, దెబ్బ కొట్టినట్టు పడతాయి.

ఆయిల్ రంగు కూడా చూడండి. మాడు వాసనతో గోధుమరంగుకి తిరిగితే ప్లేట్లు పోయినట్టే. రోజ్‌మిల్క్‌లా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ నుంచి నీళ్లు కలిశాయి. నీళ్లు తగిలిన ప్లేట్ల మీద పొర ఊడొస్తుంది కాబట్టి అన్నీ మార్చాల్సిందే.

దించేటప్పుడు గేర్‌బాక్స్, కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే గుండ్రటి డబ్బా) లేకుండానే సుమారు 55 కిలోలు ఉంటుంది, గొలుసుతో కట్టే జాకీ తప్పనిసరి. ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో మళ్లించే వాల్వ్ బాడీ మెల్లగా దించండి, 4 చిన్న ఉక్కు గుండ్లు రాలతాయి. అవి ఏ గుంతల్లో ఉన్నాయో ఫోటో తీసుకోండి. ముందు పంపుకి 8 బోల్టులు. అవి విప్పాక స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి, మరలున్న రెండు రంధ్రాల్లో స్లైడ్ హామర్ బిగించి లాగాలి. రోలర్ క్లచ్‌లు ఎటు తిరుగుతున్నాయో, ఎటు బిగుసుకుంటున్నాయో విప్పకముందే రాసుకోండి.

అసలు దొంగ దొరికేది క్లచ్ ప్లేట్లు, వాటిని అదిమే పిస్టన్ ఉండే డ్రమ్ముల్లో. పిస్టన్ మీది లిప్ సీలు వేలితో వంచితే మెత్తగా వంగాలి. ప్లాస్టిక్‌లా గట్టిపడితే ప్రెషర్ కారింది అక్కడే. డ్రమ్ముని చెవి దగ్గర పెట్టి ఊపండి, చెక్ బాల్ గలగలమనాలి. చప్పుడు లేకపోతే అది ఇరుక్కుపోయింది. పంపు బుష్, సీలు రింగులు కూర్చునే గాళ్లు గోటితో తడిమి చూడండి, గోరు తట్టుకునే మెట్టు ఉంటే ఆ భాగం మార్చాలి. ఉక్కు ప్లేట్ల మీద నీలం మచ్చలుంటే మళ్లీ వాడొద్దు.

కొత్త ప్లేట్లు కనీసం గంటసేపు డెక్స్‌రాన్ ఆయిల్‌లో (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) నాననివ్వండి. సీలు పెదవి ఎప్పుడూ ప్రెషర్ వచ్చే వైపే ఉండాలి. పూతకి వాజిలిన్ చాలు. మామూలు గ్రీజు ఆయిల్‌లో కరగదు, పోయి ఫిల్టర్‌లో, వాల్వుల్లో ఇరుక్కుంటుంది. ప్లేట్లు పేర్చి లాకు వేశాక ఫీలర్ గేజితో సందు కొలవండి. రాపిడి పొర ఉన్న ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకి సుమారు పది వేలవంతుల అంగుళం, అంటే పావు మిల్లీమీటరు లెక్కన ఉండాలి. తర్వాత ఆయిల్ రంధ్రంలోకి 30-40 పౌండ్ల గాలి వదలండి. ‘ధబ్’మని పిస్టన్ కదిలితే సరే. ‘స్‌స్’మని గాలి పోతూనే ఉంటే సీలు మడత పడింది, మళ్లీ విప్పండి.

పంపు రెండు ముక్కలనీ కలిపే బోల్టులు బిగించేముందు, చుట్టూ పెద్ద క్లాంపు వేసి అంచులు కలపాలి. లేకపోతే కేసులో దిగదు. కేసులో పెట్టాక 18-20 ఫుట్‌పౌండ్లకి బిగిస్తూ, ఇన్‌పుట్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పుతూనే ఉండండి. తిరగడం ఆగిందంటే లోపల ఏదో డ్రమ్ము పళ్లలో సరిగ్గా కూర్చోలేదు. బలవంతం చేస్తే ప్లేటు చితికిపోతుంది.

కన్వర్టర్‌లో సుమారు లీటరు ఆయిల్ పోసి, తిప్పుతూ లోపలికి తోయండి. మూడుసార్లు ‘టక్’మని దిగాలి. ఇంజిన్‌కి కలిపాక ఇంజిన్ వెనకుండే ఫ్లెక్స్‌ప్లేట్ రేకుకీ కన్వర్టర్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు లేకుండా బెల్‌హౌసింగ్ బోల్టులతో లాగి బిగించారంటే పంపు పగులుతుంది. కొత్త గేర్‌బాక్స్ మొదటి రోజే పోవడానికి పెద్ద కారణం ఇదే. పాత కన్వర్టర్‌లోనూ కూలర్ పైపుల్లోనూ మాడిన పొడి నిలిచి ఉంటుంది. కన్వర్టర్ మార్చండి, పైపులు కడగండి.

పాన్ బోల్టులకి 12 ఫుట్‌పౌండ్లు చాలు, అంతకు మించితే రేకు వంగి కారుతుంది. నాలుగు క్వార్టులు పోసి స్టార్ట్ చేయండి. లీవరు అన్ని గేర్లలోకీ తిప్పి, పార్క్‌లో ఇంజిన్ నడుస్తుండగా లెవెల్ చూస్తూ మిగతాది పోయండి. ఖాళీ గేర్‌బాక్స్‌కీ కన్వర్టర్‌కీ కలిపి సుమారు పది క్వార్టులు పడుతుంది. 500 మైళ్ల తర్వాత పాన్ దించి చూడండి. అడుగున సన్నటి బూడిదరంగు పొర మామూలే. ఇత్తడి మెరుపులు కనిపిస్తే మాత్రం ఏదో బుష్ అరిగిపోతోంది, ఇక నడపకుండా విప్పండి.