చిన్న క్యాబినెట్, పెద్ద కార్డు: బుల్లి గేమింగ్ కంప్యూటర్‌లో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

బల్ల మీద ఒక మూల ఒదిగిపోయే గేమింగ్ కంప్యూటర్‌ను సొంతంగా కూర్చుకునేవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పాడైన సామాను వల్ల వచ్చేవి కావు. విడివిడిగా చూస్తే బాగానే ఉన్న భాగాలు ఒకదానికొకటి సరిపడకపోవడం వల్ల వస్తాయి. అందుచేత ఇక్కడ ప్రతి ఇబ్బందినీ అది పైకి కనిపించే రూపంతో మొదలుపెట్టి, కారణం దాకా వెళ్లి, ఖర్చు లేని పరిష్కారాన్ని ముందు, డబ్బు పెట్టవలసినదాన్ని తరువాత చెబుతున్నాను. ఇంకా ఏమీ కొననివారు ఈ చిక్కులన్నిటినీ కొనుగోలు దగ్గరే తప్పించుకోవచ్చు.

భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డుల కొలతలు ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ. ఉంటుంది. 1997 నాటి మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 244 × 244 మి.మీ.; 2001లో తైవాన్‌కు చెందిన వయా సంస్థ ప్రవేశపెట్టిన మినీ ఐటీఎక్స్ 170 × 170 మి.మీ. మాత్రమే. మినీ ఐటీఎక్స్‌లో గ్రాఫిక్స్ కార్డు పెట్టే స్లాట్ ఒక్కటే, ర్యామ్ స్లాట్లు సాధారణంగా రెండే. బోర్డు చిన్నదైనంత మాత్రాన ఆట వేగం తగ్గదు. అదే ప్రాసెసర్, అదే కార్డు చల్లగా ఉన్నంతసేపు అంతే వేగంతో పనిచేస్తాయి. చిక్కంతా ఆ చల్లదనం దగ్గరా, మిల్లీమీటర్ల దగ్గరా ఉంది.

సమస్య: గ్రాఫిక్స్ కార్డు పట్టడం లేదు, లేదా పట్టినా పక్క తలుపు మూసుకోవడం లేదు

భాగాలన్నీ ఇమిడే పెట్టెలైన చిన్న క్యాబినెట్లకు ముందుగా చెప్పే అంకె లీటర్లు. పది లీటర్లు, పద్దెనిమిది లీటర్లు అన్న లెక్క బిందె కొనేటప్పుడు పనికొస్తుంది గాని, కార్డు పడుతుందో లేదో చెప్పదు. అది చెప్పేవి కార్డు పొడవు, ఎత్తు, మందం అనే మూడు కొలతలు. ఒకే పరిమాణం ఉన్న రెండు క్యాబినెట్లలో ఒకటి పొడవాటి పలుచని కార్డును, మరొకటి పొట్టి లావు కార్డును మాత్రమే ఇముడ్చుకోగలగడం మామూలే.

పొడవును అందరూ చూసుకుంటారు, కాని ఆ అంకె ముందు భాగంలో ఏమీ బిగించనప్పటిదా అన్నది చూడరు. మామూలు ఫ్యాన్ మందం 25 మి.మీ.; దానికి నీటితో చల్లబరిచే కూలర్ తాలూకు 27 మి.మీ. రేడియేటర్ తోడైతే మొత్తం 52 మి.మీ. పోతుంది. అలాంటప్పుడు 330 మి.మీ. అని రాసి ఉన్న చోట మీకు నిజంగా మిగిలేది 278 మి.మీ. మందం విషయానికొస్తే, స్లాట్‌కూ స్లాట్‌కూ నడుమ దూరం 20.32 మి.మీ. గనుక రెండు స్లాట్ల కార్డు సుమారు 40, మూడు స్లాట్లది సుమారు 61 మి.మీ. ఉంటుంది. రెండున్నర స్లాట్ల కార్డు అన్నది ఆచరణలో మూడో స్లాట్‌ను కూడా మింగేసేదే.

తలుపు మూసుకోకపోవడానికి మాత్రం అసలు కారణం ఎక్కువగా ఎత్తే. తయారీదారు ఇచ్చే ఎత్తులో పవర్ కేబుల్ వంపు కలిసి ఉండకపోవచ్చు. 16 పిన్నుల కనెక్టర్ ఉన్న కార్డులకు కేబుల్‌ను కనెక్టర్ మొదట్లోనే మడవకుండా దాదాపు 35 మి.మీ. దూరం తిన్నగా పోనివ్వాలి. ఆ కనెక్టర్ పూర్తిగా లోపలికి కూర్చోకపోతే వేడెక్కి కరిగిపోయిన ఉదంతాలు ఉన్నాయి. 2023లో దానిని సవరించి కొత్త రూపం తెచ్చినది ఈ కారణంగానే. కాబట్టి తలుపును బలవంతంగా నొక్కి స్క్రూలు బిగించడం కన్నా తలుపు లేకుండా కంప్యూటర్‌ను వాడుకోవడం మేలు.

పరిష్కారం కోసం ముందువైపు ఫ్యాన్ తీసి చూడండి. అడుగునుంచి, పక్కలనుంచి గాలి వచ్చే క్యాబినెట్‌లో దాని అవసరం పెద్దగా ఉండదు. తీయడం కుదరకపోతే 15 మి.మీ. మందం ఉన్న పలుచని ఫ్యాన్ దొరుకుతుంది. రెండూ కుదరనప్పుడే కార్డు మార్చడం. ఇంకా కార్డు కొననివారు ఎన్‌విడియా 2024లో చిన్న క్యాబినెట్ల కోసం ప్రకటించిన హద్దులను కొలబద్దగా పెట్టుకోవచ్చు: పొడవు 304, కేబుల్ వంపుతో కలిపి ఎత్తు 151, మందం 50 మి.మీ. ఈ మూడింటినీ దాటని కార్డును ఎంచుకుని, దానికి తగిన క్యాబినెట్‌ను, ఆ తరువాతే బోర్డును చూడాలి. చాలామంది ముందు క్యాబినెట్ అందానికి ముచ్చటపడి, చివర కార్డు దగ్గర చిక్కుకుపోతారు.

సమస్య: ప్రాసెసర్ 95 డిగ్రీలకు చేరుతోంది, ఆట మధ్యలో వేగం పడిపోతోంది

ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలోని చాలా ప్రాసెసర్లు 95 డిగ్రీల దాకా పోవడానికి రూపొందించినవే కాబట్టి ఆ అంకె చూసి కంగారుపడనక్కరలేదు. ఆ హద్దు దగ్గర ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుని ఆట తడబడుతుంటేనే అది సమస్య.

కారణం ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఎత్తులో ఉంటుంది. పెద్ద క్యాబినెట్‌లో 158 మి.మీ. టవర్ కూలర్ పడుతుంది. బోర్డు ఒకవైపు, కార్డు మరోవైపు వీపులు ఆనించుకుని కూర్చునే శాండ్‌విచ్ తరహా క్యాబినెట్లలో 50 మి.మీ. కూడా మిగలకపోవచ్చు. ఫ్రాక్టల్ డిజైన్ టెర్రా దీనికి చక్కని ఉదాహరణ. 10.4 లీటర్ల ఆ పెట్టెలో నడిమి గోడను అటూ ఇటూ జరపవచ్చు. కూలర్‌కు 77 మి.మీ. ఇస్తే కార్డుకు 43, కార్డుకు 72 ఇస్తే కూలర్‌కు 48 మిగులుతాయి. అంటే లావు కార్డు కొన్న ప్రతివారూ తెలియకుండానే బలహీనమైన కూలర్‌ను కూడా కొంటున్నారన్నమాట.

దీనికి మన వాతావరణం తోడవుతుంది. గది వేడి ఎంత పెరిగితే లోపలి భాగాల వేడి ఇంచుమించు అంతే పెరుగుతుంది. చల్లని దేశంలో 21 డిగ్రీల గదిలో చేసిన సమీక్ష చూసి కొన్న పెట్టె, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 38 డిగ్రీల గదిలో ఉంటే 17 డిగ్రీల తేడాతో లెక్క మొదలవుతుంది. ఏసీ లేని గదిలో పెట్టేవారు సమీక్షల్లోని అంకెలకు ఆ తేడాను కలుపుకుని చదవాలి.

మొదటి పరిష్కారం బయోస్‌లోనే, అంటే విండోస్ కన్నా ముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లోనే ఉంది. ఎకో మోడ్ పెడితే 170 వాట్ల తరగతి రైజెన్‌ను 105 లేదా 65 వాట్ల తరగతికి దించవచ్చు. ఆటల్లో పోయే వేగం స్వల్పం, తగ్గే వేడి మాత్రం గణనీయం. 65 వాట్ల తరగతిలో ప్రాసెసర్ నిజంగా తీసుకునే గరిష్ఠ విద్యుత్తు 88 వాట్లు, ఇది 47 మి.మీ. కూలర్ మోయగల బరువే. రెండోది గాలి దిశ: కూలర్ ఫ్యాన్‌కూ జాలీ తలుపుకూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే ఫ్యాన్ బయటి గాలికి బదులు లోపలి వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. ఆ సందును మందపాటి స్పాంజితో చుట్టూ మూసి గొట్టంలా చేస్తే కొన్ని డిగ్రీలు ఖాయంగా తగ్గుతాయి. ఇంత చవకైన మరమ్మతు ఈ పనిలో మరొకటి లేదు. జాలీకి పట్టిన దుమ్మును నెలకొకసారి దులపడం కూడా మన ఊళ్లలో తప్పనిసరి. గాజు తలుపును ఫ్యాన్ పీల్చుకునే వైపు పెట్టినవారు దాన్ని జాలీ తలుపుతో మార్చుకోవాలి; లోపలి దీపాలు కనిపించవన్న బాధ ఒక వారంలో పోతుంది.

సమస్య: తెర నల్లబడుతోంది, లేదా మొదటినుంచీ చిత్రమే రావడం లేదు

శాండ్‌విచ్ తరహా క్యాబినెట్‌లో కార్డును నేరుగా బోర్డులో గుచ్చరు. రైజర్ కేబుల్ అనే పట్టీతో కలుపుతారు. బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే మార్గాన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. అందులో మూడో తరానికి తయారైన పట్టీకి నాలుగో తరం బోర్డు, నాలుగో తరం కార్డు తగిలిస్తే అవి రెండూ నాలుగో తరం వేగంతో మాట్లాడుకోవాలని చూస్తాయి. నడుమ పట్టీ ఆ వేగాన్ని మోయలేదు. ఫలితంగా చిత్రం రాకపోవడం, ఆట మధ్యలో తెర నల్లబడడం, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పుల వరుస కనిపించడం జరుగుతాయి. కార్డు పోయిందనుకుని సర్వీసు సెంటరుకు తీసుకువెళ్తే, అక్కడ నేరుగా బోర్డులో పెట్టి చూసి బాగానే ఉందని తిప్పి పంపుతారు. నాకు ఇది రెండుసార్లు జరిగింది.

బయోస్‌లో ఆ స్లాట్ వేగాన్ని ఆటో నుంచి మూడో తరానికి మార్చడమే పరిష్కారం. చిత్రమే రానప్పుడు బయోస్ ఎలా చూడాలన్నది న్యాయమైన ప్రశ్న. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే బోర్డు వెనుక ఉన్న హెచ్‌డీఎంఐకి తీగ తగిలించి చూడవచ్చు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవాటికి ఆ సదుపాయం లేదు. అప్పుడు బోర్డును బయటికి తీసి, కార్డును నేరుగా గుచ్చి, వేగం మార్చి, తిరిగి లోపల పెట్టాలి. ఎఫ్ రకం కొంత చవక అయినా బుల్లి కంప్యూటర్‌కు వద్దని చెప్పడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. వేగం దించినందువల్ల 16 లేన్ల (డేటా నడిచే దారుల) కార్డుకు చాలా ఆటల్లో జరిగే నష్టం కొద్ది శాతమే. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి 8 లేన్ల కార్డుకు అది కొంత ఎక్కువగా ఉండవచ్చు గనుక దానికి నాలుగో తరం పట్టీ కొనడం సబబు.

సమస్య: ఆట మొదలైన కొద్ది నిమిషాలకు కంప్యూటర్ ఒక్కసారిగా ఆగి తిరిగి మొదలవుతోంది

ఇక్కడ భాగాలన్నిటికీ విద్యుత్తు అందించే ఎస్ఎంపీఎస్‌ను అనుమానించాలి. గ్రాఫిక్స్ కార్డు క్షణంలో వెయ్యో వంతు కాలంపాటు తన మామూలు వాడకానికి చాలా మించి విద్యుత్తు లాగుతుంది. పాత డిజైన్ ఎస్ఎంపీఎస్ దాన్ని షార్ట్‌గా భావించి ఆగిపోతుంది. తేల్చుకోవడం తేలిక: కార్డు సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 75 శాతానికి దించి ఆడి చూడండి. అప్పుడు ఆగడం మానితే దోషం దాదాపు అక్కడే. ఒకే కేబుల్‌కు ఉన్న రెండు తలలను కార్డుకు తగిలించి ఉంటే, రెండు వేరు కేబుళ్లు వాడి మళ్లీ చూడండి. అదీ ఫలించకపోతే ఎస్ఎంపీఎస్‌లకు పెట్టిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణానికి తగ్గది కొనాలి.

కొనేటప్పుడు సైజు మరవకూడదు. మామూలు ఏటీఎక్స్ ఎస్ఎంపీఎస్ 150 × 86 మి.మీ., పొడవు 140 లేదా అంతకు మించి. చిన్న క్యాబినెట్లు అడిగే ఎస్ఎఫ్ఎక్స్ రకం 125 × 63.5 × 100 మి.మీ. దీని పొడుగు తమ్ముడు ఎస్ఎఫ్ఎక్స్ ఎల్ 130 మి.మీ. ఉంటుంది, ఆ 30 మి.మీ. వల్లే కొన్ని పెట్టెల్లో కేబుళ్లకు చోటు లేకుండా పోతుంది.

సమస్య: స్విచ్ నొక్కగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోంది

బోర్డుకు రంధ్రం లేని చోట క్యాబినెట్‌లో బోర్డును ఎత్తిపట్టే ఇత్తడి స్టాండ్‌ఆఫ్ మిగిలిపోతే అది బోర్డు వెనుక టంకానికి తగిలి షార్ట్ చేస్తుంది. మూడు సైజుల బోర్డులనూ ఇముడ్చుకునే క్యాబినెట్‌లో ఇది జరుగుతుంది. రంధ్రాలు లెక్కపెట్టి, మిగులు స్టాండ్‌ఆఫ్‌లు తీసేయాలి.

సమస్య: ముందువైపు టైప్ సి పోర్టు పనిచేయడం లేదు, వెనుక ఎస్‌ఎస్‌డీ మండిపోతోంది

ఈ రెండూ బోర్డు ఎంపికలో వచ్చినవే. క్యాబినెట్‌కు టైప్ సి ఉన్నా, దానికి కావలసిన హెడర్ (దాని కేబుల్ గుచ్చే చోటు) బోర్డు మీద లేకపోతే ఆ పోర్టు అలంకారమే. చవక బోర్డుల్లో తరచు లేనిది ఇదే. ఇక మినీ ఐటీఎక్స్‌లో చోటు చాలక ఎస్‌ఎస్‌డీ పెట్టే రెండో ఎం.2 స్లాట్‌ను బోర్డు వెనుక పెడతారు. అక్కడ గాలి ఆడదు. విండోస్, ఆటలు ముందు స్లాట్‌లో ఉంచి, వెనుక స్లాట్‌లో అరుదుగా తెరిచే ఫైళ్లు పెట్టుకుని, ఎస్‌ఎస్‌డీకీ క్యాబినెట్ రేకుకూ మధ్య వేడిని రేకుకు చేరవేసే థర్మల్ ప్యాడ్‌ను సరైన మందంలో అతికిస్తే రేకే హీట్‌సింక్ అవుతుంది.

సమస్య: అనుకున్న ధరలో మినీ ఐటీఎక్స్ బోర్డు దొరకడం లేదు

కంప్యూటర్ సామాను దొరికే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగినా మైక్రో ఏటీఎక్స్ దొరికినంత సులువుగా ఇవి దొరకవు. అదే చిప్‌సెట్‌కు ధరా ఎక్కువే. రోజూ బ్యాగులో పెట్టుకుని హాస్టల్‌కూ ఇంటికీ మోసేవారు ఆ ధర చెల్లించవచ్చు. బల్ల మీద చోటు కలిసిరావడమే కావలసినవారికి 33 లీటర్ల అసుస్ ప్రైమ్ ఏపీ201 లాంటి మైక్రో ఏటీఎక్స్ పెట్టె నా సలహా. మామూలు ఎస్ఎంపీఎస్, 170 మి.మీ. దాకా టవర్ కూలర్, 338 మి.మీ. కార్డు అందులో పడతాయి కాబట్టి, పైన చెప్పిన చిక్కుల్లో సగానికి పైగా దరిచేరవు.

సమస్య: అన్నీ సరిగ్గానే బిగించినా మొదటిసారి తెర వెలగడం లేదు

డీడీఆర్5 రకం ర్యామ్ వాడే బోర్డులు, ముఖ్యంగా ఏఎండీ ప్రాసెసర్లకు ఉండే ఏఎం5 సాకెట్ ఉన్నవి, తొలిసారి ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్లతెరతోనే ఉండిపోతాయి. ఆ సమయంలో స్విచ్ ఆపితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కనీసం పదిహేను నిమిషాలు ఆగి చూడండి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, క్యాబినెట్ తెరవకముందే బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కార్డు తగిలించి తెర వెలిగిందని చూసుకోవడం, బయోస్‌లో రైజర్ వేగం, ఎకో మోడ్ అక్కడే మార్చుకోవడం. చిన్న పెట్టెలో ఒక్క ర్యామ్ ముక్క తీసి పెట్టడానికి ఎస్ఎంపీఎస్, కార్డు, కూలర్ మూడూ ఊడదీయవలసి రావచ్చు. అట్ట మీద అదే పని అర నిమిషంలో అవుతుంది.