జాంగోలో డిలీట్ కొట్టేముందు ఫారిన్ కీల సంగతి తేల్చుకోండి

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో 2.0 నుంచి ఫారిన్ కీకి (ఒక రికార్డ్‌ని దాని పేరెంట్ రికార్డ్‌తో కలిపే ఫీల్డ్) ఆన్_డిలీట్, అంటే పేరెంట్ పోతే ఏం చేయాలో, ఇవ్వకపోతే ఎర్రర్ వస్తుంది, అందుకని చాలామంది అక్కడ క్యాస్కేడ్ (పేరెంట్‌తో పాటు దీన్నీ తీసేయ్) అని కొట్టేసి ముందుకెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. పేరెంట్ పోయాక ఈ రికార్డ్‌తో ఎవరికైనా పని ఉంటుందా? ముందు అది తేల్చుకోండి.

కార్ట్ పోతే అందులోని ఐటమ్స్‌తో పనిలేదు, క్యాస్కేడ్ పెట్టేయొచ్చు. రాసినవాళ్లు అకౌంట్ తీసేసినా పోస్ట్ ఉండాలంటే సెట్_నల్ పెట్టండి, లింక్ మాత్రమే ఖాళీ అవుతుంది (నల్=ట్రూ మర్చిపోకండి). ఇన్‌వాయిస్, పేమెంట్ లాంటివైతే నా లెక్కలో ప్రొటెక్ట్ తప్ప ఇంకోటి పెట్టకూడదు. అప్పుడు కస్టమర్‌ని డిలీట్ చేయబోతే ప్రొటెక్టెడ్‌ఎర్రర్ వస్తుంది, రావాలి కూడా, ఎందుకంటే ఆ బిల్లులు రేపు అకౌంట్స్ వాళ్లు అడుగుతారు. కస్టమర్ వెళ్లిపోతానంటే రికార్డ్‌ని ఇన్‌యాక్టివ్ చేసి, ఉంచాల్సిన అవసరం లేని వివరాలు చెరిపేయండి.

అసలు తికమక ఇక్కడుంది. మామూలు క్యాస్కేడ్, సెట్_నల్ పనంతా జాంగో పైథాన్‌లోనే చేస్తుంది, డేటాబేస్ కన్‌స్ట్రెయింట్‌లో ఆ రూల్ ఉండదు. అందుకే ఎవరైనా నేరుగా ఎస్‌క్యూఎల్‌లో కస్టమర్‌ని డిలీట్ చేస్తే ఆర్డర్లు వాటంతట అవి పోవు, ఫారిన్ కీ ఎర్రర్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అయితే జాంగో ఆ కన్‌స్ట్రెయింట్‌ని డిఫర్డ్‌గా పెడుతుంది (అంటే మార్పులు ఖాయం చేసే కమిట్ దాకా చెకింగ్ వాయిదా పడుతుంది) కాబట్టి, డిలీట్ లైన్ చక్కగా నడిచిపోయి, ఎర్రర్ కమిట్ దగ్గర వస్తుంది, దాంతో తప్పు ఎక్కడుందో తెలియక జనం గంటలు గంటలు వెతుకుతారు.

ఎన్ని రికార్డులు పోతాయో ముందే చూడాలంటే, టెస్ట్ డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్.అటామిక్ బ్లాక్ తెరిచి, డిలీట్() కొట్టి, అది తిరిగిచ్చింది ప్రింట్ చేసి, చివర్లో ట్రాన్సాక్షన్.సెట్_రోల్‌బ్యాక్(ట్రూ) పెట్టండి. ఇలా కనిపిస్తుంది:

(48, {'షాప్.ఆర్డర్‌ఐటమ్': 35, 'షాప్.ఆర్డర్': 12, 'షాప్.కస్టమర్': 1})

ఒక్క కస్టమర్‌కి 48 రికార్డులు! డేటా వెనక్కి వస్తుంది గానీ ప్రీ_డిలీట్, పోస్ట్_డిలీట్ సిగ్నల్స్ (డిలీట్‌కి ముందు, తర్వాత జాంగో పిలిచే కోడ్) మాత్రం నిజంగానే నడుస్తాయి, వాటిలో మెయిల్ పంపే కోడ్ ఉంటే మెయిల్ వెళ్లిపోతుంది.

ఇంకొకటి, మోడల్‌లో మీరు సొంతంగా రాసిన డిలీట్() మెథడ్‌ని క్వెరీసెట్ డిలీట్ (చాలా రికార్డుల్ని ఒకేసారి తీసేయడం) పిలవదు, క్యాస్కేడ్‌లో పోయే రికార్డులకీ పిలవదు. ఫైల్స్ తీసేయడం లాంటి పనులుంటే పోస్ట్_డిలీట్ సిగ్నల్‌లో పెట్టుకోండి.