కొడుకు ‘నేను ఆడపిల్లని’ అన్నాక ఇంట్లో ఏం చేయాలి

మొదటి వారం ఏదీ తేల్చెయ్యొద్దు. ‘ఎప్పట్నుంచి అనిపిస్తోంది? ఇంకెవరికైనా చెప్పావా? మేం ఎవరికి చెప్పొచ్చు?’ ఈ మూడూ అడిగి ఊరుకోండి. మూడోదానికి ఏం చెబితే దానికే కట్టుబడండి. కోనసీమలో అమ్మమ్మ చెవిన వేసిన మాట సాయంత్రానికి వీధరుగు మీదుంటుంది.

పిలుపు మార్చడం తెలుగులో అనుకున్నంత కష్టం కాదు. ఎదురుగా మాట్లాడేటప్పుడు ‘తిన్నావా, వెళ్తావా’లో ఆడామగా తేడా లేదు. ‘ఒరేయ్’ మానేసి ‘నాన్నా’, ‘బుజ్జీ’ అంటే సరి. కూతుళ్లనీ నాన్నా అనే పిలుస్తాం కదా. తడబడేది పిల్ల పక్కన లేనప్పుడే, ఫోన్లో ‘వాడు ట్యూషన్‌కెళ్లాడు’ అనేస్తాం. రాత్రి భోజనాలయ్యాక మొగుడూ పెళ్లాం పది నిమిషాలు ‘వెళ్లింది, వచ్చింది’ అని మాట్లాడుకోండి, నాలుక తిరుగుతుంది. నోరు జారితే సరిదిద్దుకుని సాగిపోండి. అదేపనిగా క్షమాపణ చెబితే పిల్లే మిమ్మల్ని ఓదార్చాల్సొస్తుంది.

సంక్రాంతికి చుట్టాలు దిగేలోపు ఒక జవాబు సిద్ధం చేసుకోండి. ‘ఏంటా జుట్టు?’ అని మావయ్య అంటే పిల్ల నోరు విప్పక్కర్లేకుండా మీరే అందుకోవాలి: ‘జుట్టు సంగతి మేం చూసుకుంటాంలే అన్నయ్యా, ఇంకో రెండు గారెలు వేసుకో.’

తాయెత్తులు వద్దు. ‘మార్చేస్తాం’ అనే డాక్టరూ వద్దు: ఇలా మార్చే ‘చికిత్స’ని (కన్వర్షన్ థెరపీ) వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. మనసు విప్పి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇంకోటి, ఒంట్లో ఆడ హార్మోన్లు పెరగాలని గర్భనిరోధక మాత్రలు మందులషాపులో కొని చాటుగా మింగే పిల్లలున్నారు. వాటితో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. తిట్టకుండా అడగండి; తిడితే మాత్రలు ఆగవు, దాచే చోటు మారుతుంది. హార్మోన్ల మాటొస్తే ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికే తీసుకెళ్లండి.

బడి దగ్గర ముందు చూడాల్సింది వాటర్ బాటిల్. పొద్దున్న నింపిచ్చింది నింపినట్టే ఇంటికొస్తోందంటే, మగపిల్లల బాత్రూంకి వెళ్లలేక నీళ్లు తాగడం మానేసిందని అనుమానించాలి. మన ఉక్కపోతలో అలా ఉంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ రావచ్చు. హెడ్మాస్టర్ని ఒంటరిగా కలిసి, స్టాఫ్ బాత్రూం వాడుకోనిమ్మని కాగితం మీద రాసివ్వండి. ట్రాన్స్‌జెండర్ పిల్లలపై బడుల్లో వివక్ష కూడదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చెబుతోంది, ఆ మాట కూడా రాయండి. నోటిమాటతో సరిపెడితే టీచరు మారగానే కథ మొదటికొస్తుంది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు సాయంత్రంపూట బాటిల్ చేత్తో ఎత్తి చూస్తూ ఉండండి.