కొమ్మ నాటే ముందు రూటింగ్ హార్మోన్ ఎలా ఎంచుకోవాలి?

తేలిక పనులు ముందు కానిచ్చేద్దాం. జానెడు పొడవు కొమ్మ తీసుకోండి. కణుపుకి కాస్త కింద పదునైన బ్లేడుతో కోసి, కింది ఆకులు తుంచేయండి. సగం ఇసుక, సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపిన కవరు సిద్ధంగా ఉంచండి. అంతే.

పని చెడేది మొక్కల మందుల కొట్లో. "వేళ్ళు రావడానికి ఏదైనా హార్మోన్ ఇవ్వండి" అని అడిగితే చేతికందిన సీసా ఇస్తారు. డబ్బులిచ్చే ముందు దాన్ని వెనక్కి తిప్పి చదవండి. ఇండోల్ బ్యూటిరిక్ యాసిడ్, అంటే ఐబీఏ, అని ఉండాలి. జిబ్బరెల్లిక్ యాసిడ్ అని ఉంటే వెంటనే తిరిగిచ్చేయండి. అదీ హార్మోనే, కాకపోతే కాండాన్ని సాగదీసేది. కొమ్మకి వేళ్ళు పుట్టకుండా అడ్డుపడుతుంది కూడా. హ్యూమిక్ యాసిడ్ అసలు హార్మోనే కాదు. పూత, పిందె రాలకుండా పిచికారీ చేసే 4.5 శాతం ఎన్‌ఏఏకి (నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్ అనే హార్మోన్‌కి) వేళ్ళు పుట్టించే గుణం ఉన్న మాట నిజమే. కానీ 4.5 శాతమంటే సుమారు 45,000 పీపీఎం, అంటే పది లక్షల్లో 45,000 వంతులు. కొమ్మని అందులో నేరుగా ముంచితే మొదలు నల్లబడి కుళ్ళుతుంది.

పేరు సరిపోయాక మోతాదు చూడాలి. డబ్బా మీద శాతం రాసి లేకపోతే కొనకండి. ఏ శాతం కావాలో మీ గోరే చెబుతుంది. గోటితో గిల్లితే తెగిపోయే చామంతి లాంటి లేత కొమ్మకి 0.1 శాతం చాలు. మందారం, మల్లెల్లో గోరు దిగినా తెగని సగం ముదురు కొమ్మకి 0.3. గోరు దిగని కాగితపు పూల కర్రకి 0.8. ఎక్కువ పూస్తే ఎక్కువ వేళ్ళొస్తాయనుకుని అందరూ ముదురు కొమ్మల డబ్బానే కొంటారు. లేత కొమ్మకి అది పూస్తే మొదలు మాడుతుంది, చిగుళ్ళు ఆగిపోతాయి. ఎటూ తేల్చుకోలేకపోతే తక్కువ శాతమే తీసుకోండి.

ఇంట్లో వాడేవాళ్ళు పొడే కొనాలి. ద్రావణం జోలికి వెళ్ళొద్దు. ఐబీఏ నీళ్ళలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరిగించాలి. దాని పొటాషియం లవణం నీళ్ళలో కరుగుతుంది గానీ, పది కొమ్మల కోసం మిల్లీగ్రాములు తూచడం ఎందుకు? వందల కొమ్మలు నాటే నర్సరీల సంగతి వేరు.

చిటికెడు పొడి విడిగా కాగితం మీద వేసుకోండి. తడి కొమ్మని డబ్బాలోనే ముంచితే మిగిలిన పొడంతా పాడవుతుంది. కొమ్మ చివర తడిపి, విదిలించి, పొడి అద్ది, ఎక్కువైంది తట్టేయండి. పుల్లతో గుంట చేసి అందులో నాటితే పొడి రాలిపోదు. కాగితం మీద మిగిలింది పారేయండి, డబ్బాలో తిరిగి పోయొద్దు. డబ్బా ఎండ తగలని చల్లని చోట, పిల్లలకి అందకుండా ఉండాలి.

తేనె, దాల్చినచెక్క పొడి అంటారా? అవి బూజుని కాస్త ఆపుతాయేమో, ఐబీఏ చేసే పని చేయలేవు. మనీ ప్లాంటుకి, మునగ కర్రకి ఏ హార్మోనూ అక్కర్లేదు. ఇక కరివేపాకు కొమ్మ మీద ఈ పొడి వృథా చేసుకోకండి. చెట్టు మొదట్లో లేచే పిలకని వేరుతో సహా తవ్వి, వానాకాలంలో నాటండి.