ఈఏపీసెట్‌ దరఖాస్తు: డబ్బు కట్టేస్తే పని అయిపోదు

"డబ్బులు కట్టేసినాం కదా బాబూ, ఇంకేటి?" అని మందస వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నాకు ఫోన్ చూపించాడు. అందులో ఉన్నది ఫీజు రసీదు. ఫారం ఇంకా తెరవనేలేదు. గడువేమో ఆ సాయంత్రానికే.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్‌, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్‌ దరఖాస్తులో ముందు ఫీజు, తర్వాత ఫారం. ఉన్నత విద్యామండలి సెట్ల (ప్రవేశ పరీక్షల) పోర్టల్‌లో డబ్బు కట్టగానే ఒక రిఫరెన్స్‌ ఐడీ వస్తుంది. అది ఉంటేనే ఫారం తెరుచుకుంటుంది. దాన్ని ఫొటో తీసుకుని, పుస్తకంలో కూడా రాసుకోండి. ఈమధ్య నోటిఫికేషన్లలో ఇంజినీరింగ్‌ ఒక్కదానికి ఓసీలకు 600, బీసీలకు 550, ఎస్సీ, ఎస్టీలకు 500 రూపాయలు. ఈ ఏటి నోటిఫికేషన్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఖాతాలో డబ్బు తెగి ఐడీ రాకపోతే కంగారుపడి మళ్లీ కట్టొద్దు, ముందు పేమెంట్‌ స్టేటస్‌ చూడండి.

ఫారానికి పదో తరగతి, ఇంటర్‌ హాల్‌ టికెట్‌ నంబర్లు, ఆధార్‌, కుల, ఆదాయ ధ్రువపత్రాలు దగ్గర పెట్టుకోండి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అలాగే. ఇంట్లో పిలిచే పేరు, కొత్తగా చేర్చుకున్న ఇంటిపేరు ఇక్కడ పనికిరావు. మొబైల్‌ నంబరు మాత్రం మీదే ఇవ్వండి. నెట్‌ సెంటర్‌ కుర్రాడి నంబరు ఇస్తే మెసేజ్‌లన్నీ అతనికే పోతాయి. రాజాం వాళ్లకు ఇంకో తిరకాసు ఉంది: 2022 ఏప్రిల్‌ నుంచి మీది విజయనగరం జిల్లా. పాత కాగితాల్లో శ్రీకాకుళం అని ఉన్నా, చిరునామా దగ్గర ఇప్పటి జిల్లానే ఎంచుకోండి.

సబ్మిట్‌ కొట్టాక రిజిస్ట్రేషన్‌ నంబరు వస్తుంది. అప్పుడు ప్రింటు తీసుకుంటే దరఖాస్తు అయినట్టు. తప్పులుంటే దిద్దుకోడానికి తర్వాత కొన్ని రోజులు ఇస్తారు గానీ, అన్నీ మార్చనివ్వరు.

హాల్‌ టికెట్‌ మీద సెంటరు ఏ ఊళ్లో ఉందో చదవండి. ఇచ్ఛాపురం, పలాస నుంచి రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగి, ఊళ్లోకి వచ్చేశామనుకుంటారు. ఆ స్టేషన్‌ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి టౌనుకే పది కిలోమీటర్ల పైన. సెంటరు ఎచ్చెర్ల వైపు పడితే టౌను దాటి ఇంకా ముందుకెళ్లాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఉదయం తొమ్మిదింటి సెషన్‌ పడితే ముందురోజే వచ్చి చుట్టాలింట్లో దిగడం నయం.

వేలిముద్రలు తీసుకుంటారు కాబట్టి, పెళ్లిళ్ల సీజనైనా గోరింటాకు వద్దు. ఫోను, కాలిక్యులేటరు, చేతి గడియారం గేటు బయటే. రఫ్‌ కాగితాలు వాళ్లే ఇస్తారు.

ప్రశ్నలు 160, సమయం మూడు గంటలు. అంటే ఒక్కోదానికి నిమిషం పైన ఏడు సెకన్లు. ఇంజినీరింగ్‌కైతే లెక్కలు 80, భౌతికం 40, రసాయనం 40. తప్పుకు మార్కు కోతలేదు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. 160కి 40 వస్తేనే ర్యాంకు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు.

చాలామంది దెబ్బతినేది కంప్యూటర్‌ తెర మీదే. జవాబు పక్కన గుండ్రం నొక్కి, కుడివైపు నంబర్ల పట్టీలోంచి వేరే ప్రశ్నకు దూకేస్తారు. ఆ జవాబు నమోదు కాదు. 'సేవ్‌ అండ్‌ నెక్స్ట్‌' నొక్కాల్సిందే. నంబరు పచ్చగా మారితే జవాబు చేరినట్టు, ఎర్రగా ఉంటే చూసి వదిలేసినట్టు. ఊదారంగు అంటే మళ్లీ చూద్దామని గుర్తు పెట్టుకున్నది. దాని మీద చిన్న పచ్చగుర్తు ఉంటేనే లోపల జవాబుంది. పోర్టల్‌లో ఉచిత మాక్‌ టెస్టు ఉంటుంది, ఈ బొత్తాలు అలవాటయ్యేదాకా చేయండి.

పరీక్షయ్యాక ప్రాథమిక కీ (సరైన జవాబుల పట్టిక), మీ రెస్పాన్స్‌ షీటు (మీరు పెట్టిన జవాబులు) పోర్టల్‌లో పెడతారు. కీలో తప్పు కనిపిస్తే గడువులోగా అభ్యంతరం పంపాలి. ఆ గడువు రెండు మూడు రోజులకు మించి ఉండదు.